పోయిన ప్యాకెట్లు: సున్నా

"నలభై ఒక్క వేల మూడొందల పన్నెండు" అన్నాడు అనుమానం బాబాయ్, కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని.

"ఏంటవి?"

"పోయినవి."

నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఎందుకు నవ్వానంటే, నా ఎదురుగా ఉన్న తెరమీద లావుపాటి అక్షరాల్లో "పోయిన ప్యాకెట్లు: 0" అని ఉంది.

"మీ తీసివేత తప్పయ్యుంటుంది బాబాయ్, మళ్ళీ చెయ్యండి" అన్నాను.

"మూడుసార్లు చేశాను తల్లీ. అటు డబ్బా పంపినవి ఇన్ని, ఇటు డబ్బాకి చేరినవి ఇన్ని. మధ్యలో నలభై ఒక్క వేలు ఎటు పోయాయో దేవుడికే తెలియాలి. నీ సున్నా మాత్రం చెక్కుచెదరకుండా కూర్చుంది."

అప్పుడు ఆగింది నా నవ్వు. అది గురువారం, పొద్దున పదిన్నర. శుక్రవారం పదకొండింటికి మా వదిన లైసెన్సు రద్దు చేయబోతున్నారు. ఆ రద్దుకి ఆధారం ఆ సున్నా. ఆ సున్నా రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చినదాన్ని నేను.

మొదట్నుంచీ చెప్తాను. లేకపోతే నా కంగారు మీకు అంతుపట్టదు.

మా వదిన క్రేన్ నడుపుతుంది. అంటే క్రేన్ ఎక్కి కూర్చుని కాదు. సరుకు యార్డు పక్కన ఒక గది ఉంటుంది. అందులో ఒక కుర్చీ, రెండు చేతులకీ రెండు మీటలు, ఎదురుగా నాలుగు తెరలు. క్రేన్ కాళ్ళకి నాలుగు కెమెరాలు. ఆ తెరల్లో చూస్తూ, లారీ అంతేసి ఇనప పెట్టెల్ని పైకి లేపి, తెల్ల గీతల మధ్య దించుతుంది. పదకొండేళ్ళుగా అదే పని. ఒక్క పెట్టె మూల కూడా సొట్టపోలేదు. మా అన్నయ్య మాత్రం కారు వెనక్కి తీస్తూ మా గేటునే రెండుసార్లు గుద్దాడు. రెండుసార్లూ వదిన పక్కనే కూర్చుని "ఇంకో జానెడుంది, ఆగు" అని చెప్తూనే ఉంది. వింటేగా.

ఆ కెమెరాల బొమ్మని తెరదాకా తీసుకొచ్చే డబ్బాలు మా కంపెనీవి. చిన్న కంపెనీ, ఇరవై మందిమి. ఆ డబ్బాల్లో నడిచే ప్రోగ్రాం రాసేది నేను. "ఇవి మా చిట్టి చేసినవి" అని వదిన ఆ గదిలోకి వచ్చిన ప్రతివాళ్ళకీ చూపించేదట. చిట్టి అంటే నేనే. ముప్ఫై నాలుగేళ్ళొచ్చినా ఇంట్లో ఆ పేరు వదల్లేదు.

తొమ్మిది వారాల కిందట, మధ్యాహ్నం రెండున్నరకి వదిన ఒక పెట్టె దించుతోంది. కింద నేల ఖాళీగా ఉందని తెర చూపించింది. పెట్టె దిగింది. దాని కింద కొక్కేలు తగిలించే మనిషి ఒకాయన ఉన్నాడు. ప్రాణం దక్కింది. ఎడమకాలు మోకాలి కింద దక్కలేదు.

వదిన అన్నది ఒకటే మాట: "తెరలో ఎవరూ లేరు." విచారణవాళ్ళు కెమెరా దగ్గరే రికార్డయిన వీడియో తీసి చూశారు. ఉన్నాడు. పట్టపగలు, పసుపుపచ్చ చొక్కాతో, నడుచుకుంటూ వచ్చి, నింపాదిగా వంగి ఏదో తీస్తున్నాడు. రెండు సెకన్లకి పైనే ఉన్నాడు. పదకొండేళ్ళ అనుభవం ఉన్న మనిషికి ఇది కనబడలేదా అని వదినని నిలదీశారు. మిగిలింది ఒకటే ప్రశ్న. కెమెరా చూసిన బొమ్మ వదిన తెరదాకా చేరిందా లేదా?

దానికి జవాబు చెప్పాల్సింది మేము.

కెమెరా బొమ్మని అలాగే పంపలేం. ముక్కలు ముక్కలుగా కోసి, ముక్కముక్కకీ నంబరేసి తీగలో పంపుతాం. ఆ ముక్కే ప్యాకెట్. సెకనుకి వేలకి వేలు వస్తాయి. ఇటు చివర ఉన్న నెట్‌వర్క్ కార్డు వాటిని అందుకుని, తనకున్న అరల్లో సర్దుతుంది. అరలు నిండిపోతే, తర్వాత వచ్చినవి పోయినట్టే. అలా ఎన్ని పోయాయో ఆ కార్డే లెక్కపెట్టుకుంటుంది. ప్రమాదం జరిగిన సాయంత్రమే నేను ఆ లెక్క తీశాను. ఆ రోజు, ఆ గంట, ఆ నిమిషం. సున్నా. ఇంకోసారి తీశాను. సున్నా. ఒక కెమెరా తగిలించి మా ల్యాబ్‌లో వారం రోజులు నడిపాను. సున్నా.

రాసిచ్చేశాను. "వదిన కదా అని అంకె మార్చలేను కదా అన్నయ్యా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ చెప్పాను. లోపల్లోపల, నేనెంత నిజాయితీపరురాలినో అని కాస్త మురిసిపోయాను కూడా. నా మొహం! నేను వదినకి ఆడపడుచునని విచారణవాళ్ళకి తెలుసు. దానివల్ల నా సున్నాకి ఇంకా బలమొచ్చింది. సొంత మనిషే చెప్తోంది, ఇంకేం కావాలి అనుకున్నారు.

వదిన మారిపోయింది. కుర్చీలో కూర్చోబోయే ముందు చేత్తో తడిమి చూసుకోవడం మొదలుపెట్టింది. "ఏంటి వదినా అది?" అంటే, "ఎవరైనా ఉన్నారేమోనని" అంది. ఇంట్లోనే, ఖాళీ కుర్చీని, పగటివేళ. పోయిన సోమవారం విచారణవాళ్ళు పంపిన కాగితం మీద సంతకం కూడా పెట్టేసింది. "నేను సరిగా చూడలేదు" అని దాన్లో ఉంది. ఆ కాగితం చూసి నేను ఇల్లెగిరిపోయేలా అరిచాను. "కాఫీ తాగుతావా చిట్టీ?" అంది వదిన.

ఆ మాటకే నాకు మనసు ఆగలేదు. మర్నాడు పొద్దున్నే అనుమానం బాబాయ్ దగ్గరికెళ్ళి, "కానివ్వండి, మీ ముచ్చట కూడా తీర్చేద్దాం" అన్నాను.

బాబాయ్ మా దగ్గర టెస్టింగ్ చూస్తాడు. ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. టీ ఇస్తే ఇది టీయేనా అని వాసన చూసి తాగే రకం. నేను రిపోర్టు ఇచ్చిన రోజు నుంచీ నా ప్రాణం తీస్తున్నాడు. "కార్డు చెప్పిన లెక్కే నమ్మితే ఎలా తల్లీ? పంపినవి ఎన్నో, చేరినవి ఎన్నో విడివిడిగా లెక్కపెట్టి చూడాలి. అక్కడ నాలుగు కెమెరాలుంటే నువ్వు ఒకటే తగిలించావు" అని. నేను వినలేదు. కార్డు లెక్క ఉండగా వేళ్ళు మడిచి లెక్కపెట్టుకోవడమేంటని నా అహంకారం. స్టోరులోంచి నాలుగు కెమెరాలూ, యార్డులో ఉన్నంత పొడుగు తీగా తేవడానికి బాబాయ్‌కి రెండు రోజులు పట్టింది. గురువారం పొద్దున అన్నీ తగిలించి, యార్డులోలాగే దించే మీట నొక్కుతూ గంటసేపు నడిపి, కాగితం మీద తీసివేత చేశాడు.

నలభై ఒక్క వేల మూడొందల పన్నెండు.

మళ్ళీ నడిపాం. ఈసారి అరగంటే. పందొమ్మిది వేల చిల్లర పోయాయి. తెరమీద సున్నా. జన్మలో మొదటిసారి తన అనుమానం నిజమైతే ఆ మనిషికి ఏం చెయ్యాలో తోచలేదు.

"కార్డు పాడైపోయిందేమో" అన్నాను. మార్చాం. అదే వరస. "కంపెనీవాడు కార్డుతో ఇచ్చిన ప్రోగ్రాంలోనే తప్పుంది, వాడి తలకాయ" అన్నాను. బాబాయ్ వేలు పైకెత్తి, "తిట్లు తర్వాత. ముందు అక్కర్లేనివన్నీ ఒక్కొక్కటే ఆపుదాం" అన్నాడు. ఒక్కొక్కటే ఆపుతూ వచ్చాడు. రికార్డింగ్ ఆపాడు. సున్నా. గడియారం సర్దేది ఆపాడు. సున్నా.

"ఇదేంటి, 'నాడి' అని ఉంది?"

"అది నాదే. డబ్బా ఆరోగ్యం చూస్తుంటుంది, వేడి ఎంత, తీగ వేగం ఎంత అని. దానికేం సంబంధం లేదు. ఆపాలంటే ఆపండి."

ఆపాడు.

సున్నా నూట పన్నెండయింది. నేను కళ్ళు నులుముకునేలోపు ఎనిమిది వందలయింది. మూడు వేలు. ఆరు వేలు.

"మళ్ళీ మొదలుపెట్టండి" అన్నాను.

మొదలుపెట్టాడు. అంకె ఉన్నచోటే ఆగిపోయింది. ఆపాడు. పరిగెత్తింది. నాలుగుసార్లు చేశాడు. ఐదోసారి చెయ్యబోతుంటే నేనే ఆయన చెయ్యి పట్టుకున్నాను. "చాలు బాబాయ్. చాలు."

కార్డు పుస్తకం అలమరలోనే ఉంది. తీశాను. ఆ లెక్క గురించి చెప్పిన పేజీ తెరిచాను. కింద చిన్న అక్షరాల్లో ఒక్క వాక్యం ఉంది. ఈ లెక్కని ఎవరు చదివినా, చదివిన వెంటనే అది సున్నా అయిపోతుంది.

అంటే చూడండి. కార్డుతో వచ్చిన ప్రోగ్రాం రెండు సెకన్లకోసారి ఆ లెక్క చదివి, మొత్తంలో కలుపుకుంటుంది. అది పద్ధతి. నా 'నాడి' సెకనుకి పదిసార్లు, ఎప్పుడూ దానికంటే ఒక అడుగు ముందే, వెళ్ళి చదువుతోంది. నిజానికి నాకు ఆ లెక్క అక్కర్లేదు. నాకు కావలసినవి రెండే అంకెలు, వేడీ వేగమూ. ఆ రెండూ విడిగా అడగాలంటే ఆరు వరసలు రాయాలి. మొత్తం పేజీ ఒకేసారి లాగెయ్యాలంటే ఒక్క వరస చాలు. బద్ధకించి ఒక్క వరస రాశాను. చీపురుతో ఇల్లంతా ఊడ్చేసినట్టు, ఆ వరస పోయినవాటి లెక్కని కూడా ఊడ్చి పారేస్తోంది. తర్వాత ఎవరు వెళ్ళి చూసినా అక్కడ శుభ్రంగా ఉంటుంది. ఏడాదిన్నరగా ఇదే తంతు.

ఆ రిపోర్టులో నేను సంతకం పెట్టింది దానికి. నా చేత్తో నేనే తుడిచేసి, చూడండి ఎంత శుభ్రంగా ఉందో అని చెప్పాను.

కుర్చీలో కూలబడ్డాను. ఏడుపు రాలేదు. బాబాయ్ మంచినీళ్ళ సీసా మూత తీసి నా చేతిలో పెట్టాడు. అది పట్టుకునే ఉన్నాను, తాగాలని తోచలేదు.

"ఎందుకు పోతున్నాయో కూడా చూద్దాం తల్లీ. రేపు అదే అడుగుతారు" అన్నాడు కాసేపటికి.

అది కనిపెట్టడానికి గంట పట్టలేదు. తొమ్మిది వారాలు నెత్తిన పెట్టుకుని ఊరేగించిన అబద్ధం పోయాక నిజం ఎదురుగానే ఉంది. పెట్టె దించే మీట నొక్కగానే నాలుగు కెమెరాలూ ఒక్కసారిగా పెద్ద బొమ్మలు పంపడం మొదలుపెడతాయి, ఆపరేటర్‌కి స్పష్టంగా కనబడాలని. ఆ వరద ఒక్క తీగలోంచి వచ్చి కార్డు మీద పడుతుంది. కార్డులో అరలు రెండు వందల యాభై ఆరు. కన్నుమూసి తెరిచేలోపు నిండిపోతాయి. ఒక్క ముక్క పోయినా ఆ బొమ్మ అతకదు. మళ్ళీ నిండు బొమ్మ వచ్చేదాకా తెర పాత బొమ్మనే పట్టుకుని ఉంటుంది. రెండు సెకన్లు, ఒక్కోసారి మూడు.

పాత బొమ్మలో ఏముంది? ఖాళీ నేల. ఖాళీ నేల బొమ్మ ఆగిపోతే ఎలా ఉంటుంది? ఖాళీ నేలలాగే ఉంటుంది. అది కూడా ఎప్పుడు? సరిగ్గా దించేటప్పుడు. కిందకి చూడాల్సిన ఆ ఒక్క ఘడియలో మా డబ్బా ఆవిడ కళ్ళు మూసేసింది.

అరలని రెండు వేల నలభై ఎనిమిది చేశాను. ఒక్క అంకె మార్చడం, అంతే. గంట నడిపాం. ఒక్క ప్యాకెట్ పోలేదు. ఒక్కటి కూడా. ఒక అంకె మారిస్తే పోయేదానికి ఒక మనిషి కాలు పోయిందా అని బాబాయ్ పైకే అనేశాడు. అని, నా మొహం చూసి నాలుక్కరుచుకున్నాడు.

మా సార్ గదిలోకి వెళ్ళాను. కంపెనీ ఆయనదే. ఏం గొడవ పెడతాడో, ఇది బయటికి చెప్పొద్దంటాడేమో అని వాదనలన్నీ కూడగట్టుకుని మరీ వెళ్ళాను. చెప్పాను. ఆయన చివరిదాకా విన్నాడు. అయ్యాక అడిగాడు, "ఈ డబ్బాలు ఎన్నిచోట్ల ఉన్నాయి?"

"రెండొందల ఆరు క్రేన్లండి."

ఫోన్ తీశాడు. నంబరు రెండుసార్లు తప్పు నొక్కాడు. "ముందు అన్నీ ఆపించాలి, ఇవాళే, ఈ పూటే" అన్నాడు. గుమ్మం దాటబోతుంటే పిలిచి, "రేపు నువ్వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పమ్మా. కెమెరాలూ డబ్బాలూ అన్నీ పట్టుకెళ్ళు" అన్నాడు. నా వాదనలన్నీ నా దగ్గరే ఉండిపోయాయి.

ఇంటికి ఫోన్ చేస్తే అన్నయ్య ఎత్తాడు. చెప్పాను. "అన్నయ్యా, ఉన్నావా?" అన్నాను.

"నేనే కదే మీ వదినతో 'ఒప్పేసుకో, గొడవ వదిలిపోతుంది' అన్నాను" అన్నాడు. ఫోన్ వదినకి ఇచ్చాడు.

"వదినా, తెర ఆగిపోయింది. ఆ రోజు నీ తెర ఆగిపోయింది. నీ తప్పేం లేదు. నువ్వు చూశావు" అన్నాను గుక్క తిప్పుకోకుండా.

"అలాగా" అంది వదిన. అంతే. ఫోన్ పెట్టేసింది. సంతోషంతో అరుస్తుందనుకున్నాను. కనీసం నన్ను తిడుతుందనుకున్నాను. ఆ "అలాగా" ఏంటో నాకర్థం కాలేదు.

శుక్రవారం పదకొండింటికి విచారణ గది. పొడుగు బల్ల వెనక విచారణాధికారి, నెరిసిన జుట్టు, నవ్వని మొహం, యాభై దాటిన ఆవిడ. పక్కన రాసుకునే గుమాస్తా. ఇటు వదిన, అన్నయ్య. వదిన ఇస్త్రీ చీర కట్టుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కూర్చోబోయే ముందు ఆ కుర్చీని కూడా తడిమింది. అధికారి అది చూసింది.

నేను చెప్పడం మొదలుపెట్టాను. ప్యాకెట్లు, అరలు, లెక్క తుడిచిపెట్టడం. ఆవిడ రెండు నిమిషాలు విని, "ఇవన్నీ మీరు ఇప్పుడు చెప్తున్నారు. తొమ్మిది వారాల కింద సున్నా అని కూడా మీరే చెప్పారు. నేను దేన్ని నమ్మాలి?" అంది.

"నన్ను నమ్మకండి. మీరే చూడండి" అన్నాను.

గోడ వారగా కెమెరాలు నాలుగూ పెట్టాం. వాటికి వీపు తిప్పి కూర్చునేలా నాలుగడుగుల ముందు తెర, దించే మీట. అరలు పాత అంకెతోనే. అధికారిని తెర ముందు కూర్చోబెట్టాం. "మా బాబాయ్ పసుపుపచ్చ చొక్కాతో కెమెరాల ముందు నుంచి నడుస్తారు. కనబడగానే చెయ్యెత్తండి" అన్నాను. దించే మీట నొక్కాను.

ఆవిడ తెరలోకి వంగి చూస్తోంది. ఖాళీ నేల, గోడ, కుర్చీ కాళ్ళు. చూస్తోంది. చూస్తోంది.

"ఏరీ? ఇంకా బయల్దేరలేదేం?" అంది.

"వచ్చేశానండి" అన్నాడు బాబాయ్. ఆవిడ భుజం వెనక నుంచి.

ఆవిడ ఉలిక్కిపడి లేచిన విసురుకి కుర్చీ వెనక్కి పడిపోయింది. వెనక్కి తిరిగి బాబాయ్‌ని చూసింది. తెర చూసింది. మళ్ళీ బాబాయ్‌ని చూసింది. "ఇంకోసారి" అంది. ఇంకోసారి చేశాం. ఈసారి కూడా ఆవిడ చెయ్యి లేవలేదు. గుమాస్తా కలం పట్టుకుని నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

ఆవిడ తన చోటికి వెళ్ళి కూర్చుంది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అప్పుడు వదిన వైపు తిరిగింది. గొంతు మెత్తబడింది.

"అమ్మా, ఆ రోజు తెర ఆగిందని మీకు అనుమానం రాలేదా? ఏదైనా వింతగా కనిపించిందా?"

"కవరండి" అంది వదిన.

"ఏం కవరు?"

"నల్ల ప్లాస్టిక్ కవరు. గాలికి ఎగురుకుంటూ వచ్చింది, తెరలో ఎడమ మూల. ఎగిరి ఎగిరి, గాల్లో నిలబడిపోయింది. అలా నిలబడదు కదండీ. ఇదేంటి చెప్మా అనుకునేలోపు పెట్టె దిగిపోయింది."

అధికారి గుమాస్తాకి సైగ చేసింది. ఆ రోజు కెమెరా దగ్గర రికార్డయిన వీడియో మళ్ళీ వేశారు. మేమందరం వంద సార్లు చూసిన వీడియో. వంద సార్లూ ఆ పసుపుపచ్చ చొక్కానే చూశాం. ఈసారి ఎడమ మూల చూశాం. నల్ల కవరు ఎగురుకుంటూ వచ్చింది. ఎక్కడా ఆగలేదు. అలా పల్టీలు కొడుతూ గోడ దాటి వెళ్ళిపోయింది. అదే రెండు సెకన్లలో ఆ మనిషి నడిచొచ్చి వంగాడు.

అన్నయ్య రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు.

"ఇది మీ మొదటి వాంగ్మూలంలో లేదేమమ్మా?" అంది అధికారి. "ఈ ఒక్క మాట ఉండి ఉంటే ఆ రోజే తేలిపోయేది కదా. ఎందుకు చెప్పలేదు?"

వదిన తలొంచుకుంది. "చెప్పానండి" అంది.

"ఎవరికి?"

"వాంగ్మూలం మర్నాడు కదండీ రాసుకున్నారు. ఆ సాయంత్రం ఇంటికి రాగానే చెప్పాను. ఇలాంటివి తెలిసినవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు కదా అని. తెర అలా ఆగడం ఉంటుందా అని అడిగాను."

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఒట్టు, అప్పటిదాకా గుర్తులేదు. తొమ్మిది వారాల్లో ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. నేను వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాను. వదిన గుమ్మం పట్టుకుని నిలబడింది. "చిట్టీ, గాల్లో ఒక కవరు ఆగిపోయింది" అంది. నేను వెనక్కి కూడా తిరగలేదు. కుళాయి కట్టలేదు. "కంగారులో అలాగే అనిపిస్తుంది వదినా. తెర ఆగితే లెక్కలో తెలిసిపోతుంది, నేను చూశాను, సున్నా ఉంది. రేపు వాళ్ళ ముందు ఈ కవరు గోల చెప్పకు, మతి పోయిందనుకుంటారు" అన్నాను. పైగా, "వెళ్ళి పడుకో" అన్నాను.

బల్ల అంచు పట్టుకున్నాను.

"మరి వాళ్ళేమన్నారు?" అని అడుగుతోంది అధికారి.

"ఆగదన్నారండి. చదువుకున్న మనిషి, ఆ డబ్బా చేసిన మనిషి. ఆగలేదంటే ఆగలేదనే కదా. అయితే నేను చూడలేదన్నమాట అనుకున్నాను. అందుకే సంతకం పెట్టాను" అంది వదిన. కోపంగా అనలేదు. దెప్పిపొడవలేదు. వాన పడింది, తడిశాను అన్నట్టు చెప్పింది. తర్వాత ఏదో జ్ఞాపకం వచ్చినట్టు, "ఆ కాలు పోయినాయనకి కూడా ఇది చెప్పించండి. నేను ఆస్పత్రికెళ్ళి, చూడలేదు క్షమించమని చెప్పొచ్చాను. నేను చూస్తూనే ఉన్నానని ఆయనకి తెలియాలి" అంది.

అధికారి ఆ సంతకం పెట్టిన కాగితాన్ని ఫైలులోంచి తీసి, అడ్డంగా రెండు గీతలు కొట్టింది. "లైసెన్సు రద్దు లేదు. రాసుకోవయ్యా" అని గుమాస్తాకి చెప్పడం మొదలుపెట్టింది. "తెర ఆగిన సంగతి ఆపరేటర్ జరిగిన రోజు సాయంత్రమే గమనించి చెప్పారు. ఎవరికి చెప్పారంటే…" అని ఆగి, వదిన వైపు చూసింది.

గుమాస్తా కలం ఎత్తి పట్టుకున్నాడు. వదిన నా వైపు చూడలేదు.

"ఇంట్లోవాళ్ళకి అని రాయండి చాలు" అంది మెల్లగా. "పాపం, తనకి మాత్రం ఏం తెలుసు? వదిలెయ్యండి."

పాపం అంది. నన్ను పాపం అంది. ఆ మాటకి ఇంత దాకా రాని ఏడుపు ఒక్కసారి తన్నుకొచ్చింది. సిగ్గూ ఎగ్గూ లేకుండా అందరి ముందూ భోరుమన్నాను.

"వద్దు వదినా" అన్నాను. గుమాస్తా వైపు తిరిగాను. "నాకే చెప్పిందని రాయండి. చెప్పొద్దని నోరు మూయించింది కూడా నేనేనని రాయండి."

ఆయన అధికారి వైపు చూశాడు. ఆవిడ తలూపింది. ఆయన రాసుకున్నాడు.